బావ రాసిచ్చిన రిపోర్టు

మొన్న జ్వరం విడవకపోతే బరంపురంలో రక్తపరీక్షకు వెళ్లాను. సూది గుచ్చిన అమ్మాయిని, "పరీక్ష నిజంగా సేస్తారేటమ్మా?" అని అడిగాను. పల్లెటూరిదాని చాదస్తమనుకుని నవ్వింది. నాకు మా బావ గుర్తొచ్చాడు.

బావ అంటే మేనత్త కొడుకు. బరంపురంలోనే ఒక ప్రైవేటు ల్యాబులో పనిచేసేవాడు. దిగపహండి దగ్గర మా ఊళ్లో ఎవరికి ఒళ్లు వెచ్చబడినా బస్సెక్కి బావ దగ్గరికే వెళ్లేవాళ్లం. ఆదివారం మా ఇంటికొస్తూ తెల్లకోటు కూడా తెచ్చేవాడు. మా అమ్మ దాన్ని గంజి పెట్టి ఉతికి, మిగతా బట్టలు తగలకుండా వేరే తాడు మీద ఆరేసేది. మేనల్లుడి కంటే కోటుకే మర్యాద ఎక్కువ.

ఒక వానాకాలం చివర, గట్ల మీద గడ్డి కోసొచ్చిన మా అప్పకి, అంటే మా పెద్దక్కకి, జ్వరం పట్టుకుంది. గడ్డిలో ఉండే కంటికానని పురుగు కుడితే వచ్చే స్క్రబ్ టైఫస్ అవునో కాదో, రక్తంలో యాంటీబాడీలు చూస్తే తెలుస్తుందన్నాడు డాక్టరు. బావే స్వయంగా రక్తం తీశాడు. మర్నాడే "లేదు" అని రిపోర్టిచ్చాడు. దాన్ని నమ్మి డాక్టరు టైఫాయిడ్ మందులు రాశాడు. అయిదో రోజుకి అప్ప మనుషుల్ని గుర్తుపట్టడం మానేసింది.

పెద్దాసుపత్రిలో బట్టలు మారుస్తున్న నర్సు, చంకలో సిగరెట్టుతో కాల్చినట్టున్న నల్లటి పక్కు చూసింది. సిగ్గుతో అప్ప ఎవరికీ చూపించలేదు. మళ్లీ పరీక్ష చేస్తే స్క్రబ్ టైఫసే అని తేలింది. మందు మారాక రెండు రోజుల్లో తగ్గింది. వినికిడి మాత్రం పోయింది.

మొదటి రోజుల్లో యాంటీబాడీలు కనబడకపోవచ్చని అక్కడి డాక్టరు అన్నాడు. బావ కూడా ఆ మాటే అంటాడన్న ఆశతో ల్యాబుకి వెళ్లాను.

బావ తల దించుకున్నాడు. "పరీచ్చ సెయ్యలేదే. ఒక్కరి రగతం కోసం కిట్టు ఇప్పరు, పదిమందివి పోగవ్వాల. మీరు తొందరపెడితే, ఉత్తి జరమే కదా అని రాసీసినాను."

"మా అప్ప రగతమని తెలిసీనా బావా?"

"అత్తకి సెప్పకే."

ఇంటికొచ్చేసరికి అప్ప మంచం మీద కూర్చుని ఉంది. "బావేటన్నాడే?" అంది. చెప్పాను. వినబడక చెవి దగ్గరికి తెచ్చింది. రెండోసారి చెప్పడానికి నాకు నోరు రాలేదు.

పన్నెండేళ్లయింది. పెదవుల కదలికను బట్టి మాట పోల్చుకోవడం అప్పకి వచ్చేసింది. బావ వస్తే ఈనాటికీ ఎదురెళ్లి కాళ్లకి నీళ్లిస్తుంది. నేను పక్కనే నిలబడి చూస్తుంటాను. ఏడాది మీద ఏడాది పడుతున్నకొద్దీ, అప్పని మోసం చేసింది బావ ఒక్కడే అనుకోవడం నాకు కష్టమైపోతోంది.