ముక్కుల్లో నెయ్యి, రేవులో ఓడ

మా అక్క జర్మనీ నుంచి ఫోన్ చేసి "చలికాలం సెలవులకి దుబాయ్ వస్తున్నామే" అన్నప్పుడు నేను మొదట ఆలోచించింది పరుపు గురించి. షార్జాలో, అల్ నహ్దాలో, మాది ఒక్క పడకగది ఇల్లు. అక్కా బావగారూ గదిలో, మేం ముగ్గురం హాల్లో అని మనసులోనే సర్దేసి, కొత్త పరుపు ఎక్కడ కొనాలో కూడా నిర్ణయించేశాను. ఆమె మాట పూర్తయ్యేసరికి పరుపుతో పనిలేదని తెలిసింది.

"కానీ మీ ఇంటికి రాలేమే."

"అదేంటి?"

"మేం వచ్చేది ఓడ ప్యాకేజీలో. విమానం దిగగానే బస్సెక్కించి ఓడ దగ్గర దింపుతారు. మళ్ళీ ఓడ దిగగానే బస్సెక్కించి విమానం దగ్గర దింపుతారు. మధ్యలో వాళ్ళు చూపించిందే చూడాలి. గుంపు వదిలి పక్కకెళితే కరోనా భయమని మళ్ళీ ఓడ ఎక్కనివ్వరంట. అబుదాబి మసీదు చూపిస్తారు, దోహా చూపిస్తారు. చెల్లెలి ఇల్లు మాత్రం ప్యాకేజీలో లేదు."

యూరప్ కంపెనీ ఓడలు చలికాలమంతా దుబాయ్ రేవు నుంచే తిరుగుతుంటాయి. అక్కడి చలికి తట్టుకోలేని వాళ్ళు ఇక్కడికొచ్చి వారం రోజులు సముద్రం మీద ఎండలో కూర్చుని పోతారు. బావగారికి దొరికిన సెలవు ఆ వారమే. అక్క మా పాపని ఎప్పుడూ ఎత్తుకోలేదు. పాప పుట్టాక అక్క రావడం కుదిరేలోపే లోకమంతా తలుపులేసుకుంది. నాలుగేళ్ళ మా పాప దృష్టిలో పెద్దమ్మ అంటే అరచేతిలో పట్టే మనిషి. ఒకసారి ఫోన్ బోర్లాపడితే పెద్దమ్మ పడిపోయిందని ఏడ్చింది.

"అయితే మేమే ఓడెక్కుతాం" అన్నాను.

మా ఆయన లెక్క వేరు. "అరగంట దూరంలోకి వస్తున్న మనిషిని చూడ్డానికి దోహా దాకా వెళ్ళి రావాలా?" అన్నారు. కానీ అక్కతో మాట్లాడుతున్నప్పుడు నా గొంతు ఎలా మారిందో ఆయన విన్నారు. టికెట్లు ఆయనే తీశారు.

అసలు కథ అప్పుడు మొదలైంది. ఓడెక్కాలంటే పెద్దవాళ్ళకి టీకాలు పూర్తయి ఉండాలి. రెండేళ్ళు దాటిన ప్రతివాళ్ళూ ఇంటి దగ్గర ఒకసారి, రేవులో ఎక్కే ముందు ఇంకోసారి కరోనా పరీక్ష చేయించుకోవాలి. ఇంట్లో ఒక్కరికి తేడా వచ్చినా ఆ ఇంటివాళ్ళెవర్నీ ఎక్కనివ్వరు. ఈ రూల్సు తరచూ మారతాయని కింద రాశారు. దాంతో నేను రోజూ పొద్దున్నే పంచాంగం చూసినట్టు ఆ కంపెనీ వెబ్‌సైట్ తెరవడం మొదలుపెట్టాను.

మొదటి దెబ్బ నాకే తగిలింది. మా ఆయన ఆఫీసు దుబాయ్‌లో కాబట్టి అక్కడ జర్మనీ టీకా వేయించుకున్నారు. నేను పాపని వదిలి అంత దూరం వెళ్ళలేక షార్జాలోనే, ఇంటి దగ్గర, చైనా టీకా వేయించుకున్నాను. మా బిల్డింగులో అందరికంటే ముందు వేయించుకున్నదాన్ని నేనే. లిఫ్టులో ఎవరు కనపడినా భుజం పట్టుకుని నిలబడేదాన్ని, ఏమైందని అడుగుతారని. ఇప్పుడు చూస్తే ఆ ఓడ వాళ్ళ జాబితాలో నా టీకా లేదు.

"నీది ఈ దేశంలో చెల్లుతుంది. ఓడలో చెల్లదు" అన్నారు మా ఆయన.

"ఓడ ఉన్నది ఈ దేశంలోనే కదండీ!"

"ఓడ ఇక్కడే ఉంది. రూలు యూరప్‌లో ఉంది."

ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహంలో కనపడిన తృప్తిని నేను ఇప్పటికీ క్షమించలేదు.

మా వీసాలు దుబాయ్‌వి కాబట్టి దుబాయ్ వెళ్ళి మళ్ళీ మొదటినుంచీ వేయించుకోవచ్చన్నారు. వెళ్ళాను. టీకా వేసే నర్సు కేరళావిడ. నా ఫోన్‌లో పాత టీకాల వివరాలు చూసి కళ్ళద్దాలు పైకి తోసుకుంది.

"దోనో హో గయా నా మేడమ్? ఫిర్ క్యోం?" అంది, రెండు సూదులూ అయ్యాయిగా మళ్ళీ ఎందుకని.

"అక్కని చూడాలి."

"అయ్యో. అక్క హాస్పిటల్ మే హై?"

"కాదు. ఓడలో ఉంది."

ఆవిడ సూది గుచ్చేసింది. రెండో సూదికి ఒళ్ళు కాలిపోయి మంచమెక్కాను. మా ఆయన చారు కాచి తెచ్చి, నుదురు పట్టి చూసి, "కంగారు పడకు. లోపల చైనా, జర్మనీ కొత్తగా కాపురం పెట్టాయి. సర్దుకునేదాకా కాస్త గొడవ ఉంటుంది" అన్నారు.

నా సంగతి తేలింది. ఇక మిగిలింది పాప ముక్కు. పాపకి టీకా వయసు లేదు కాబట్టి మా ముగ్గురి ప్రయాణమూ ఆ చిన్న ముక్కు మీదే ఆధారపడి ఉంది. దాన్ని కాపాడడానికి నేను చేయనిది లేదు. నర్సరీ మాన్పించాను. కింద పార్కు మాన్పించాను. లిఫ్టులో ఎవరో తుమ్మారని ఒకరోజు మెట్లెక్కాం. మాది పదకొండో అంతస్తు. ఆరో అంతస్తు దగ్గర్నుంచి పాపని ఆయన మోశారు, సరుకుల సంచి నేను మోశాను.

పరీక్ష రోజు పాప గొడవ చేయకుండా ఇంట్లో శిక్షణ కూడా ఇచ్చాను. తల ఎలా ఎత్తాలో, పుల్ల పెట్టినప్పుడు నోటితో గాలి ఎలా పీల్చాలో చెవిపుల్ల పట్టుకుని బొమ్మ మీద చూపించాను. పాపకి ఈ ఆట విపరీతంగా నచ్చింది. బొమ్మలన్నిటికీ పరీక్షలు చేసింది. ఏనుగుకి పాజిటివ్ వచ్చిందని మంచం కింద క్వారంటైన్‌లో పెట్టింది. ఆదివారం మధ్యాహ్నం కునుకు తీస్తున్న వాళ్ళ నాన్న ముక్కులో పుల్ల దూర్చేసరికి ఆయన లేచి కూర్చుని నన్ను తిట్టారు.

షార్జాలో చేయించిన పరీక్షలో ముగ్గురికీ నెగెటివ్ వచ్చింది. ఆ సాయంత్రం హుషారుగా సూట్‌కేసు సర్దుతున్నాను. పాప బట్టల మధ్యలో కూర్చుని ఉంది. తుమ్మింది.

"దుమ్ము" అన్నారు మా ఆయన, తల తిప్పకుండానే.

ఆయనకి దుమ్ము. నాకు మాత్రం ఓడ కదిలిపోతున్నట్టూ అక్క బాల్కనీలో నిలబడి చెయ్యూపుతున్నట్టూ కనపడింది. వంటింట్లోకి వెళ్ళి కాకినాడలో అమ్మకి ఫోన్ చేసి పాప తుమ్మిందని చెప్పాను.

"ఎన్ని తుమ్ములు తుమ్మింది?" అంది అమ్మ.

"ఒకటే."

"ఒంటి తుమ్మా? ప్రయాణం ముందా? ముందు ఇంకోటి తుమ్మించవే!"

"అమ్మా, శకునం కాదు, జలుబు వస్తుందేమోనని భయంగా ఉంది."

"దానికంత కంగారెందుకే? ఆవునెయ్యి వెచ్చజేసి, చిటికెడు పసుపు కలిపి, రెండు ముక్కుల్లోనూ రాయి. ఇంక లోపలికి ఏదీ పోదు. మిమ్మల్నిద్దర్నీ అలాగే పెంచేను."

అది నిజం. మా చిన్నప్పుడు వాన పడితే ఇంట్లో నలుగురి ముక్కులూ పచ్చగా ఉండేవి. పడుకునే ముందు పాపకి రాశాను. పొద్దున్న తుమ్ము లేదు, దగ్గు లేదు. రేవులో ఎంతమంది ఉంటారో, ఎవరేం వదులుతారోనని బయల్దేరే ముందు ఇంకోసారి, ఈసారి కాస్త ఎక్కువే రాశాను.

రేవులో పెద్ద హాలు. అద్దాల అవతల ఓడ ఎంత పెద్దదంటే అది ఓడని తెలియడానికి కాసేపు పట్టింది. మా ఇద్దరికీ పరీక్ష అయిపోయి నెగెటివ్ వచ్చింది. పాప వంతొచ్చింది. ఫిలిప్పీన్స్ నర్సు ఏదో ఆట చెప్పబోయేలోపే మా పాప తల వెనక్కి వాల్చి, నోరు తెరిచి సిద్ధంగా కూర్చుంది.

"వావ్, మమ్! గుడ్ గర్ల్!"

నేను గర్వంతో చుట్టూ చూశాను. అప్పుడు నర్సు పుల్ల బయటికి తీసింది. తెల్లగా వెళ్ళిన దూది పసుపుపచ్చగా, నిగనిగలాడుతూ వచ్చింది. ఆవిడ పుల్లని చూసింది. పాపని చూసింది. నన్ను చూసింది. దాన్ని మందునీళ్ళలో తిప్పి, ఆ నీళ్ళు పరీక్ష పట్టీ మీద వేసింది. పట్టీ పచ్చబడింది. గీత రాలేదు.

"గీత రాకపోతే మంచిదే కదా?" అన్నాను.

"నో మమ్. ఒక గీత వస్తే నెగెటివ్, రెండొస్తే పాజిటివ్. ఏదీ రాకపోతే పరీక్ష జరగనట్టే."

రెండో ముక్కులో ఇంకో పుల్ల పెట్టింది. అదీ పచ్చగానే వచ్చింది. అమ్మ రెండు ముక్కులూ అని గట్టిగా చెప్పింది మరి. నర్సు లేచి లోపలికి వెళ్ళింది, డాక్టర్ని పిలవడానికి. మా ఆయన నా చెవి దగ్గరికి వంగారు.

"పాపకేమైనా... లివరా? కామెర్లా?" అన్నారు, గొంతు తగ్గించి.

ఇక చెప్పక తప్పలేదు. "నెయ్యండీ."

"ఏ నెయ్యి?"

"ఆవునెయ్యి. రాత్రి రాశాను. పొద్దున్న కూడా. పసుపు కలిపి."

ఆయన సూట్‌కేసు మీద కూర్చున్నారు. "ముక్కులోనా? పోపు కూడా పెట్టావా?" అన్నారు.

డాక్టరు ఉర్దూ మాట్లాడే పెద్దావిడ. నర్సు చేతిలోని పుల్ల దగ్గరగా చూసి, వాసన చూసి, "హల్దీ?" అంది. తలూపాను. "ఔర్ ఘీ," అన్నారు మా ఆయన, సూట్‌కేసు మీంచే. డాక్టరమ్మ మాస్కు లోపలే, భుజాలు కదిలేలా నవ్వింది. "మా అమ్మీ ఆవనూనె రాసేది. పరీక్ష రోజు మాత్రం రాయకూడదు, బేటీ" అంది. తర్వాత నవ్వు ఆపి చెప్పింది. ఉప్పునీళ్ళతో ముక్కు కడగాలి. కాసేపాగి మూడోసారి చేస్తారు. అప్పుడూ గీత రాకపోతే ఆవిడ చేతుల్లో ఏమీ లేదు. ఎక్కే గేటు మూసే వేళవుతోంది. ఖలాస్.

అప్పుడే ఫోన్ మోగింది.

"ఎక్కడ చచ్చారే? బాల్కనీలోంచి చూస్తున్నాను. కనపడిన ప్రతి చిన్నపిల్లకీ చెయ్యూపుతున్నాను. ఒక జర్మన్ పిల్ల ఏడ్చింది కూడా."

విషయం చెప్పాను.

"నెయ్యి రాశావా? అమ్మ చెప్పిందని? ముప్పయ్యేళ్ళొచ్చాయి, ఇంకా అమ్మ చెప్పిందల్లా చేస్తావా?" అని దులిపేసింది. ఫోన్‌లో వెనకనుంచి బావగారి గొంతు వినపడింది: "నువ్వు రాసుకున్న సంగతి కూడా చెప్పు." "నేను పరీక్షయ్యాక రాసుకున్నానే" అంది అక్క. "అమ్మ నాకూ ఫోన్ చేసింది."

పుల్లకి భయపడని పాప ఉప్పునీళ్ళు చిమ్మే సీసాకి భయపడింది. హాలు పక్కనే ఉన్న పిల్లల గదిలో బల్ల కింద దూరి "నీళ్ళు వద్దు, పుల్లే కావాలి" అని ఏడుపు. నేను బతిమాలాను, బెదిరించాను, నేనూ ఏడవబోయాను. మా ఆయన సీసా తీసుకుని, "చూడు నాన్నా, ఏం కాదు" అంటూ తన ముక్కులో కొట్టుకున్నారు. ఆ నీళ్ళు ఎటు పోయాయో కానీ ఆయన కళ్ళు ఎర్రబడి, దగ్గుతూ, చొక్కా అంతా తడుపుకుని గోడ పట్టుకున్నారు. పాప ఏడుపాపి పకపకా నవ్వింది. "మళ్ళీ!" అంది. ఆయన మళ్ళీ కొట్టుకున్నారు. అలా వంతులవారీగా, నాన్నకొకసారి పాపకొకసారి, ముక్కు శుభ్రమైంది.

మూడో పుల్ల తెల్లగానే వచ్చింది. పట్టీ మీద నీళ్ళు పడ్డాయి. అప్పుడు గుర్తొచ్చింది నాకు, అసలు భయం నెయ్యి గురించి కాదని. ఆ తుమ్ము దుమ్ముది కాకపోతే? ఇందాకటిదాకా ఒక గీత రావాలని దేవుణ్ణి వేడుకున్నదాన్ని, ఇప్పుడు ఒకటే రావాలని వేడుకోవాలి. మొదటి గీత మెల్లగా, ఎర్రగా తేలింది. నేను రెండో గీత రావలసిన చోటునే చూస్తూ కూర్చున్నాను. మా ఆయన దగ్గు కూడా బిగబట్టి నిలబడ్డారు. అక్కడ తెలుపు తెలుపుగానే ఉంది.

"నెగెటివ్, మమ్. యల్లా, గో, గో!" అంది నర్సు.

పరిగెత్తాం. వంతెన దాటి, కార్పెట్ల మీద నడిచి, అక్కవాళ్ళ అంతస్తులో లిఫ్టు దిగేసరికి అక్క ఎదురుగా నిలబడి ఉంది. ఇన్నేళ్ళ తర్వాత కలిస్తే ఏం మాట్లాడాలో నేను చాలాసార్లు అనుకున్నాను. "లావయ్యావే" అంది అక్క. "నీ జుట్టు నెరిసింది" అన్నాను. పాప నా కాళ్ళ వెనక నుంచి తొంగి చూసి, కాసేపు ఆలోచించి, అక్క చెయ్యి పట్టుకుంది. అక్క ఆ చేతిని కదిపితే ఎక్కడ వదిలేస్తుందోనన్నట్టు కదలకుండా నిలబడింది.

అంతలో ఓడంతా దద్దరిల్లేలా సైరన్ మోగింది. ప్రమాదం వస్తే ఎవరు ఎక్కడికి చేరాలో నేర్పే కసరత్తట, ఓడ కదిలే ముందు అందరూ చేయాలట. యూనిఫాం వేసుకున్న జర్మన్ కుర్రాడు వచ్చి, ఎవరు ఎక్కడ చేరాలో రాసి ఉన్న మా కార్డులు చూశాడు. మా ముగ్గురిదీ కింద డెక్కు. అక్కా బావగార్లది పైన, ఓడకి అవతలి వైపు.

"మేడమ్, ప్లీజ్. మీ చోటు అటు" అన్నాడు అక్కతో.

"దీన్నిప్పుడే పట్టుకున్నాను. వదలను" అంది అక్క, అచ్చ తెలుగులో.

"ఇది ఉత్తుత్తిదే మేడమ్. డ్రిల్."

అక్క వెనకే వచ్చిన బావగారు ఆ మాట ఆమెకి వివరించబోయారు. "నిజంగా మునిగినా నేను ఇక్కడే మునుగుతానని చెప్పండి ఆ అబ్బాయికి," అంది అక్క. బావగారు ఆ మాట జర్మన్‌లోకి మార్చలేదు. తన కార్డొక్కటీ తీసుకుని అవతలి వైపుకి వెళ్ళారు. మేం పాపని మధ్యలో పెట్టుకుని మా డెక్కు మీదకి వెళ్ళి నిలబడ్డాం. లైఫ్‌జాకెట్ ఎలా కట్టుకోవాలో ఎవరో చూపిస్తున్నారు. అక్క పాపకి పట్టీలు బిగిస్తూ, "బిగుతుగా ఉందా అమ్మలూ? వదులుగా ఉందా?" అని అడుగుతూనే ఉంది, పాప ఏం చెప్పినా మళ్ళీ మళ్ళీ.