అడిగి తెచ్చిన కొమ్మ బతకదంట

మా అమ్మకు ఒక నమ్మకం ఉండేది. పూలచెట్టు కొమ్మను అడిగి తెచ్చుకుంటే బతకదు, ఎవరూ చూడకుండా విరుచుకొస్తేనే బతుకుతుంది. ఇది ఆమె ఒక్కదాని నమ్మకం కాదు, మదనపల్లెలో మా వీధి ఆడవాళ్ళలో సగం మందిది. అయితే మిగతావాళ్ళు ఎప్పుడో ఒక మనీప్లాంటు తీగ తెంపుకుని ఊరుకునేవారు. మా అమ్మ దాన్ని ఒక నోములాగా పట్టింది. పెరట్లో ఉన్న నందివర్ధనం, ముద్దమందారం, రంగురంగుల క్రోటన్లు అన్నీ దొంగసొత్తే. ఎవరైనా ఇంటికొచ్చి ఈ చెట్టు ఎక్కడిదని అడిగితే నాకు తల కొట్టేసినట్టుండేది.

పక్కింటి సాయిబులకు బజారులో దారాల అంగడి ఉండేది. ఆ ఇంటామె చాలా మంచిది. నేను దిండు గలేబుల మీద పువ్వులు కుట్టుకోవడానికి మిగిలిన రంగుదారాలు దాచిపెట్టి ఇచ్చేది. వాళ్ళ సన్నజాజి మీద అమ్మ కన్ను పడిందని ఆమెకు తెలుసు. కావలసినంత తీసుకోమని ఎన్నిసార్లు చెప్పినా అమ్మ వద్దనేది. చివరికి ఆమె విసిగిపోయి, నేను లోపలికి పోయి తలుపేసుకుంటాను, నువ్వు దొంగతనం చేసుకో అక్కా అని చెప్పి నిజంగానే తలుపేసుకుంది. అమ్మ గోడ మీదుగా తీగ తెంపుకుని దొంగలాగే పరుగెత్తుకొచ్చింది. ఆ తీగ ఏడాది తిరక్కుండా పందిరంతా అల్లుకుంది. దాంతో అమ్మకు పిచ్చి ఇంకా ముదిరింది.

ఎనభైల మొదట్లో నేను పదో తరగతి పరీక్షలు రాసిన వేసవి అది. నాకు ఇల్లు కదలాలని లేదు. అద్దెకు తెచ్చుకున్న నవల సగంలో ఉంది. ఫ్రేముకు బిగించిన గలేబు మీద చిలక్కి ఒళ్ళంతా అయింది, తోక మిగిలింది. పైగా ఆ వేసవిలో కొత్తగా కేకు నేర్చుకున్నాను. కిరసనాయిలు స్టవ్వు మీద పెద్ద గిన్నెలో ఇసుక పోసి, అందులో కేకు గిన్నె దించి, మూత మీద నిప్పులు వేసి కాల్చడం. మధ్యలో మూత తీస్తే కేకు కూలబడిపోతుంది. అది కాలుతుంటే పక్కన కూచుని నవల చదువుకోవడం కంటే నాకు వేరే సుఖం అక్కర్లేదు.

సరిగ్గా అలా కూచున్న పొద్దున అమ్మ చీర మార్చుకుని వచ్చి, లెయ్యి, కుప్పం పోతాండాము అంది. మూత తీసి, పుల్ల గుచ్చి చూసి, ఇంక చాలు కాలింది, మూటగట్టు అని కూడా తనే చెప్పింది. నా కళ్ళ ముందే కేకు నడుమ గుంట పడింది.

కుప్పం అనేసరికి నేను నమ్మలేకపోయాను. అక్కడ మా మామ ఉన్నాడు, అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. నాలుగైదేళ్ళుగా ఇద్దరికీ మాటల్లేవు. గొడవ దేనికంటే ఒక కుట్టుమిషను కోసం. మా అవ్వ వాడిన మిషను, ఆమె పోయాక మామ ఇంట్లోనే ఉండిపోయింది. కూతురిని కాబట్టి తనకే ఇస్తారని అమ్మ అనుకుంది. కావాలని మాత్రం అడగలేదు. తీసుకుపొమ్మని వాళ్ళూ అనలేదు. అమ్మ బస్సెక్కి వచ్చేసి, ఆ రోజు నుంచి మా లంగాలు, జాకెట్లు అన్నీ చేత్తోనే కుట్టింది. అడగందే అమ్మయినా పెట్టదంటారు. మా అమ్మకు మాత్రం ఒకరిని నోరు తెరిచి అడగడమంటే ప్రాణం పోయినట్టే. పోనీ మరిచిపోయిందా అంటే అదీ లేదు. ఏ సంబంధమూ లేని మాటల మధ్య, వాడికి దగ్గు తగ్గిందో లేదో అని అనేది. ఎవరికి అని మేము అడిగితే ఎవరికీ లేదులే అనేది.

ఇప్పుడు వాళ్ళింటి పన్నీరు రోజా కొమ్మ కావాలట. చిన్నప్పుడు తను నాటిన చెట్టు. గోడ పక్కన సందులోకి కొమ్మలు వంగి ఉంటాయి, మధ్యాహ్నం అందరూ పడుకున్నప్పుడు విరుచుకుని వచ్చేయవచ్చు, ఎవరితోనూ మాట్లాడే పని లేదు. ఇదీ ఆమె లెక్క. వానలు పడ్డాక నాటాల్సిన కొమ్మను మండే ఎండల్లో నాటితే నీళ్ళు మోయాల్సింది నేనే అని చెప్పినా వినలేదు. ఎవరితోనూ మాట్లాడకపోతే ఈ కేకు ఎవరికి అంటే మూట నా చేతిలో పెట్టి వాకిట్లోకి నడిచింది.

పుంగనూరులో బస్సు ఆగినప్పుడు కిటికీలోంచి ఎవరింటి ముందో కాగితంపూల చెట్టు చూసి అమ్మ లేవబోతే, కొంగు పట్టుకుని కూచోబెట్టాను. పలమనేరులో బస్సు మారాం. బైరెడ్డిపల్లె దాటేదాకా నిలబడే ఉన్నాం. నవల తెచ్చుకున్నాను గానీ ఆ కుదుపుల్లో ఒక్క పేజీ చదివితే ఒట్టు.

కుప్పంలో దిగేసరికి ఎండ మాడ్చేస్తోంది. సందులో మనిషి లేడు. కొమ్మలు గోడ మీద నుంచి నిజంగానే వంగి ఉన్నాయి. నన్ను సందు మొదట్లో కాపలా పెట్టి అమ్మ మడమలెత్తి చెయ్యి చాపింది. ముల్లు గుచ్చుకుని అబ్బా అంది. అంతే, గోడ అవతల నుంచి మామ తల పైకి లేచింది. ఆయన చెట్టుకింద నీడలో మంచం వేసుకుని పడుకుని ఉన్నాడు.

ఇద్దరూ ఒకరినొకరు చూస్తూ నిలబడిపోయారు. తరువాత మామ లోపలికి పోయి కత్తి తెచ్చాడు. మంచి ముదురు కొమ్మ చూసి, ఏటవాలుగా కోసి, ముళ్ళు గీకి, గోడ మీదుగా అందించాడు. నా ప్రాణం కుదుటపడింది. ఇన్నేళ్ళ పీడ ఒక కొమ్మతో వదిలిపోయిందనుకున్నాను.

అమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. "నువ్వియ్యొద్దురా" అంది.

మామ ముఖం మాడిపోయింది. చాచిన చెయ్యి అలాగే ఉంది. ఆమె అన్నది కొమ్మ బతకాలని. ఆయనకు వినపడింది, నీ చేతిది నాకొద్దని. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇద్దరిలో ఒక్కరైనా నోరు విప్పుతారేమోనని చూశాను. దున్నపోతుల మీద వాన కురిసినట్టు నిలబడ్డారు. ఇంక తట్టుకోలేక, దొంగిలించిన కొమ్మే బతుకుతుందని మా అమ్మ నమ్మకం మామా, అందుకే వద్దంటోంది, నీ మీద కోపంతో కాదు అని నేనే అరిచినట్టు చెప్పాను.

మామ నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"బతికేదానికి కాదు పాపా," అన్నాడు. "దొంగిలిస్తే అడిగే పనుండదు కదా, అందుకు. మిషనప్పుడూ అంతే. అడిగుంటే ఆ పొద్దే నెత్తిన పెట్టుకోని తెచ్చిచ్చుంటాను. ఈమె అడుగుతాదని నేనూ, నేనిస్తానని ఈమే, ఇట్లే కూసోనుండాము."

తరువాత అమ్మ వైపు తిరిగాడు. "ఇప్పుడన్నా అడుగక్కా. ఒక్కమాట."

అమ్మ గోడకేసి తిరిగింది. ముల్లు గుచ్చుకున్న వేలిని కొంగుతో నొక్కుకుంటూ ఉంది. నాకు ఆమెను పట్టి ఊపేయాలనిపించింది. చివరికి తల ఎత్తకుండానే, "ఒక కొమ్మియ్యిరా" అంది. ఆ మాటతో పాటే ఏడుపూ వచ్చేసింది.

లోపలికి పోయాం. అత్త ఉల్లిపాయలు వేసి వేడివేడిగా ఉప్మా చేసింది. మామ నా గుంటపడ్డ కేకును మూడు ముక్కలు తిన్నాడు, మంచిగుంది అన్నాడు. సాయంత్రం బస్సులో అమ్మ కొమ్మను తడిగుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది, నన్ను పట్టుకోనివ్వలేదు.

ఇంటికొచ్చి నాటాక నీళ్ళు మోసింది నేనే. రెండు చిగుళ్ళు వేసింది, మాడింది. అమ్మ గోరుతో గీకి చూసింది, లోపల పచ్చ లేదు. చూశావా, అడిగి తెచ్చింది బతకదని చెప్పలేదా అంది. ఎండకు చచ్చింది అని నేనన్నాను, ఎవరు వింటారు.

ఇది తెలిసి మామ కబురు పంపాడు. వానలు పడగానే వేరు పట్టిన మొక్కనే తొట్టిలో పెట్టి మదనపల్లెకు తెచ్చిస్తాడట. నేను సంతోషించాను. ఇంక బస్సులు మారే పని లేదు, ఇంట్లో కూచుని హాయిగా చదువుకోవచ్చు.

అమ్మ మాత్రం గాభరాపడింది.

"తేవద్దని చెప్పు పాపా," అంది. "నేను పోయి అడగాల."