రేడియేటర్లో పానకం

ఒక బిందెడు పానకం ఇన్నేళ్లుగా నా కడుపులో ఉండిపోయింది. తియ్యనిదే. అయినా అరగలేదు. నవ్వుతున్నారా? నవ్వండి. తలుచుకుంటే నాకూ ముందు నవ్వే వస్తుంది. ఆ తర్వాతే లోపల ఎక్కడో కలుక్కుమంటుంది. నవ్వు ముందు రావడమే అసలు తప్పేమో అని ఈమధ్య అనిపిస్తోంది.

అరవైల చివరి మాట. రాజాంలో ఒక ధాన్యం షావుకారి దగ్గర కారు నడిపేవాణ్ని. ఆ కార్లో ఓ పెళ్లికొడుకుని ఎక్కించుకుని పొందూరు వైపు ఒక పల్లెకి బయలుదేరాను. ఆ పొద్దున్నే రేడియేటరు పైగొట్టం మార్చి, గబగబా నీళ్లు నింపి మూత బిగించేశాను. మెల్లగా పోస్తూ లోపలి గాలిని బయటికి పంపాలని నాకు తెలుసు. తెలిసీ ఎందుకు పంపలేదు? పులితో పందెం వేసి కారు తోలిన కథ పెళ్లికొడుకు స్నేహితులకి చెబుతున్నాను. కథ మంచి పట్టులో ఉంది. అంతే.

గాలి ఇరుక్కుంటే నీళ్లు తిరగవు, ఇంజను కాగిపోతుంది. ఊరి పొలిమేరలో ఆడపెళ్లివారు మేళంతో, పానకం బిందెలతో మాకు ఎదురొచ్చి నిలబడ్డారు. సరిగ్గా వాళ్ల ముందుకి రాగానే బానెట్లోంచి ఆవిరి భుస్సుమంది. మేళగాళ్లు అదేదో మర్యాద అనుకుని ఇంకాస్త గట్టిగా వాయించారు.

ఇంజను చల్లారనిచ్చి, తడిగుడ్డ వేసి మూత తిప్పాను. పెళ్లికూతురి మేనమామ సూరన్న నీళ్ల బిందె తెచ్చి నా పక్కన, దించి ఉంచిన పానకం బిందెల సరసనే పెట్టాడు. అందరికీ ఆయన సూరన్న మావే. ఆ చుట్టుపక్కల పొలాల్లో ఏ ఆయిల్ ఇంజను మొరాయించినా ఆయన్నే పిలిచేవారు. ఇంజను మీద చెయ్యి వేస్తే చాలు, ఆయన ముఖం వెలిగిపోయేది. నేను పులి కథని ఇంకో మలుపు తిప్పుతూ, చూడకుండా చెయ్యి చాచి, అందిన బిందె ఎత్తి గడగడా పోసేశాను. ఇంజను తిప్పాను. కాసేపటికి బెల్లం పాకం, ఏలకులు, మిరియాలు కలిసి ఊరంతా ఘుమఘుమలాడింది.

"ఎవడ్రా పానకం పోసినోడు?" అని పెళ్లికొడుకు తండ్రి గర్జించాడు.

నా వేలు దానంతటదే మావ వైపు లేచింది. దానంతటదే లేచిందా? ఏమో. లేపిందయితే నేనే. మావ నోరు తెరవబోతుంటే ఆయన్ని కారు వెనక్కి లాక్కుపోయాను.

"ఊరుకో మావా, నీకు దండం. మా షావుకారికి తెలిస్తే నా కొలువు ఊడిపోతాది."

"ఓరి నీ! పోసింది నువ్వు, పేరు నాదా? ఇంజన్లో పానకం పోసీసినోడని ఊరూ వాడా అంటే, నన్ను ఇంకే ఇంజను కాడికి రానిత్తార్రా?"

"పెళ్లయిపోనీ మావా. నిజం నానే సెప్పీస్తాను."

ఆయన "సెప్పీయి మరి. మరిసిపోకు" అని, ముందుకెళ్లి, "నానేనండి బావగారూ, మా పిల్ల పెళ్లికి మీ కారు నోరు కూడా తీపి సేద్దామని!" అన్నాడు. జనం పగలబడి నవ్వారు. కోపం ఎగిరిపోయింది.

అడుగు కుళాయి విప్పి పానకమంతా వదిలేశాను. మంచినీళ్లతో కడిగి కడిగి, ఈసారి బుద్ధిగా నింపాను. మూత తీసి ఇంజను నడుపుతూ పైగొట్టం బిగువు కాస్త సడలిస్తే, బుడగలు బుడబుడమని తన్నుకొచ్చాయి. బుడగలు ఆగిపోయి నీళ్లు ధారగా కారాక బిగించాను. ముహూర్తానికి పెళ్లికొడుకు పీటల మీద ఉన్నాడు. నాకు రెండు విస్తళ్లు వేశారు.

మరి నిజం? చెబుదామనే అనుకున్నాను. కానీ ఆ కథ పులి కథ కంటే బాగుంది! చెప్పిన చోటల్లా పెంచాను. రాజాం దాకా కారు వెనక చీమలు బారులు కట్టాయన్నాను. బానెట్లో తేనెపట్టు పట్టిందన్నాను. అవతల పొలాల్లో ఇంజన్లు ఆగినా, పానకం మావకి కబురు వెళ్లడం మానేసింది. గట్టు మీద నిలబడి, వేరేవాడు ఇంజను తిప్పుతుంటే ఆయన చేతులు ఊరికే ఆడేవి. అది నేను కళ్లారా చూశాను. చూసీ, ఆ సాయంత్రమే మళ్లీ ఆ కథ చెప్పాను. ఎలాంటి మనిషిని నేను?

మొన్న ఆయన మనవరాలి పెళ్లిలో పంక్తిలో లేచి నిలబడి చెప్పేశాను. పోసింది నేనే అన్నాను. ఒట్టేశాను కూడా. అందరూ విరగబడి నవ్వారు. "ఇది చీమల కథ కంటే బాగుందిరా! మావ మీద జాలితో ఎంత అల్లినావురా!" అన్నారు. మావ మజ్జిగ తాగుతూ తలూపి, "ఇన్నాల్లకి నిజమాడినావు, ఏటి లాభం? నీ నోట్లో పడి అదీ అబద్దమైపోనాది" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. క్షమించానని మాత్రం అనలేదు. నేనూ అడగలేదు.

మీరు నన్నెరగరు. నా మాట నమ్మకపోవడానికి మీకింకా కారణం లేదు. అందుకే మీకు చెబుతున్నాను, కడుపు కాస్త తేలికపడుతోంది. ఆ రోజు సూరన్న మావ తెచ్చినవి మంచినీళ్లు.