గాజుపెట్టెలో వితాక్

ఎమిల్ హ్రూస్కాకి షుగరుంది, మోకాళ్ళ నొప్పులున్నాయి, కాజ్ అనే బావమరిది ఉన్నాడు. మొదటి రెండిటికీ డాక్టరు మందిచ్చాడు. మూడోదానికి పెన్సిల్వేనియా మొత్తం గాలించినా మందు లేదు.

ఉక్కుమిల్లులో క్రేను నడిపి రిటైరైన మనిషి. ఒకరి సొమ్ము ఆశించినవాడు కాదు, ఆదివారం చర్చి మానినవాడు కాదు. కానీ కాజ్ పేరు చెవిన పడితే చాలు, కడుపులో కుంపటి రాజుకునేది. నిజానికి ఆ కుంపటి అంటించింది వాళ్ళిద్దరూ కాదు, వాళ్ళ తల్లులు.

బడ్ వితాక్ ఆ ఊరి పిల్లాడే. మిల్లు వెనక మైదానంలో బేస్‌బాల్ ఆడి ఆడి పెద్ద జట్టులోకి ఎక్కినవాడు. అతని బొమ్మ అచ్చేసిన మొదటి ఏడాది కార్డు చూయింగ్ గమ్ పొట్లాల్లో వచ్చిన ఎండాకాలం, ఊళ్ళో పిల్లలందరికీ నమిలి నమిలి దవడలు నొప్పెట్టాయి. ఎమిల్‌కీ ఆ కార్డు దొరికింది, కాజ్‌కీ దొరికింది. ఇద్దరూ బూట్ల పెట్టెల్లో దాచుకుని, పెద్దయ్యాక సైన్యంలోకి వెళ్ళారు. ఎమిల్ తిరిగొచ్చేసరికి వాళ్ళమ్మ గది శుభ్రం చేసి పెట్టెను చెత్తబండికి ఎత్తేసింది. "గాడిదలా పెరిగావు, ఇంకా బొమ్మలేంట్రా నీకు?" అంది. ఊళ్ళో ఆ వయసు మగాళ్ళలో సగం మంది తల్లులు చేసిన పని అదే. కాజ్ వాళ్ళమ్మ మాత్రం కొడుకు పెట్టెకి గుడ్డ చుట్టి అటక మీద భద్రంగా పెట్టింది.

ఎమిల్ పెళ్ళాడింది ఆ మహాతల్లి కూతురినే, కాజ్ అక్క బెర్నీస్‌ని. అత్తారింటికి వెళ్ళిన ప్రతిసారీ భోజనం దగ్గర కూర్చుని అటక వైపు చూసి నిట్టూర్చేవాడు.

ఆ నిట్టూర్పు బెర్నీస్ చెవిన పడకపోలేదు. పాతికేళ్ళ పెళ్ళిరోజున, చర్చి సంతలో పాత సామాన్ల బుట్టలో దొరికిందని ఆ వితాక్ కార్డే తెచ్చి మొగుడి చేతిలో పెట్టింది. రెండు మందపాటి ప్లాస్టిక్ పలకల మధ్య పెట్టి మరలు కూడా బిగించి ఇచ్చింది. నాలుగు మూలలూ సూదుల్లా ఉన్నాయి. ఎమిల్ ఆ రోజు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ మరలు మళ్ళీ విప్పలేదు. విప్పితే ఎక్కడ మూల నలుగుతుందోనని భయం.

మరింకా కడుపుమంట దేనికయ్యా అంటారా? చెప్తాను. ఏటా వసంతంలో ఫైరుస్టేషన్ హాల్లో కార్డుల సంత జరుగుతుంది. హాలు మధ్యలో గాజుపెట్టె. అందులో ఒక్కటంటే ఒక్క వితాక్ కార్డు, కింద యజమాని పేరు. కుటుంబానికి ఒక్క కార్డుకే పేరు రాయించాలని నియమం. బెర్నీస్ తమ్ముడు గనక కాజ్ కూడా ఆ కుటుంబం లెక్కే. ఏటా వాడే ముందు పరిగెత్తి పేరు రాయించేవాడు. ఒక మూల అరిగిందన్నమాటే గానీ రంగు చెక్కుచెదరలేదని ఏటా వాడి కార్డునే పెట్టెలో పెట్టేవారు. అంతటితో ఊరుకుంటాడా, ఇంటికొచ్చి మరీ చెప్పేవాడు.

"ఈసారీ నాదే పెట్టేశా బావా. నీది ఇంట్లోనే ఉంచు. మరలు విప్పకు, గాలి తగిలితే పాడవుతుంది."

"నా మరల గొడవ నీకెందుకురా?"

"నీ మంచికే చెప్తున్నా."

"నీ మంచి నీ దగ్గరే ఉంచుకో!"

సూదుల్లాంటి మూలలున్న తన కార్డు బీరువాలో మగ్గుతుంటే, మూల అరిగిన వాడి కార్డు దీపాల కింద కులుకుతోంది. ఏ మనిషికైనా ఒళ్ళు మండదూ?

ఈ ఏడు ఎమిల్ తన కార్డు కోటు జేబులో పెట్టుకునే సంతకి వెళ్ళాడు. గాజుపెట్టె మీదికి వంగి భూతద్దంతో చూశాడు. కాజ్ కార్డులో బొమ్మకి ఎడమవైపున్న తెల్లటి అంచు కన్నా కుడి అంచు సన్నగా ఉంది. అచ్చు పక్కకి జరిగితే అలా రావడం మామూలేనని ఎమిల్‌కి తెలుసు, బాగా తెలుసు. కానీ అసూయ నోరు తెరిచాక తెలివి మాట ఎవడు వింటాడు?

"డోలరీస్! ఇది కత్తిరించిన కార్డు!"

హాల్లో తలలన్నీ ఇటు తిరిగాయి. అరిగిన మూలల్ని కత్తెరేసి కొత్తవాటిలా చూపించడమంటే ఆ కార్డుల మనుషుల్లో మహాపాపం. దొంగతో కలిసి కాఫీ అయినా తాగుతారు గానీ, కార్డుకి కత్తెర పెట్టినవాణ్ణి బల్ల దగ్గరికి రానివ్వరు.

డోలరీస్‌ది ఆ ఊరి కార్డుల దుకాణం. ఏ కార్డుకి ఎంత విలువో ఆవిడ చెప్తే ఇక తిరుగులేదు. ఆవిడ కళ్ళజోడు పైకి తోసుకుంది. "ఎమిల్, నోరు జారాక వెనక్కి తీసుకోలేవు. మన పద్ధతి తెలుసుగా? వేలు చూపినవాడు తన కార్డు పక్కన పెట్టాలి. రెండూ కలిపి కొలుస్తాను."

"పెడతానమ్మా. అందుకేగా తెచ్చుకున్నా!"

అప్పటికి కాజ్ పరిగెత్తుకొచ్చాడు. మొహంలో నెత్తురుచుక్క లేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడమంటే ఇదేననుకుని ఎమిల్ లోలోపల గంతులేశాడు.

"వద్దు బావా," అన్నాడు కాజ్. "ఒప్పుకుంటున్నా. నేనే కత్తిరించాను. నా కార్డు తీసేస్తా. కొలతలొద్దు, ఇంటికి పోదాం పద."

ఆహా! గెలిచినవాడు అక్కడితో ఆగాలి. ఆగితే వాడు ఎమిల్ ఎందుకవుతాడు? "ఒప్పుకుంటే సరిపోదురా! అందరూ కళ్ళారా చూడాలి!" అంటూ స్క్రూడ్రైవరు అడిగి తీసుకుని, ఇన్నేళ్ళూ ముట్టని మరలు తన చేత్తోనే విప్పాడు.

డోలరీస్ రెండు కార్డుల్నీ ఇనప స్కేలుకి ఆనించి పక్కపక్కన పెట్టింది. వంగి చూసింది. భూతద్దం పెట్టి మళ్ళీ చూసింది.

"కాజ్‌ది సరిగ్గానే ఉంది," అంది మెల్లిగా. "పొట్టిది నీదయ్యా, ఎమిల్."

బంగాళదుంప కూరిన పియరోగీలు అమ్ముతున్న ఆడవాళ్ళ బల్ల దగ్గర్నుంచి బెర్నీస్ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "అంచులు దూదిలా లేచిపోయి ఉన్నాయి ఎమిల్. నీకు కొత్తదానిలా ఇద్దామని నా కుట్టుకత్తెరతో నేనే తీశాను. అది తప్పని నాకేం తెలుసు?" అంది.

వెనకాల ఎవడో కిసుక్కున నవ్వాడు.

ఎమిల్ గిర్రున తిరిగాడు. "ఎవడ్రా నవ్వింది? మీ ఆవిడ నీ కోసం ఎప్పుడైనా ఇంత సూటిగా కత్తెర పట్టిందా? నోరు మూసుకో!" అన్నాడు. తన కార్డు తీసుకుని పలకల మధ్య పెట్టి ఒక్కో మరా బిగించాడు. "డోలరీస్, కాజ్‌ది పెట్టెలో పెట్టెయ్యి. అది నిఖార్సైన కార్డు. నాదే నోటిదూల."

తర్వాత హాలు వెనక మెట్ల మీద ఒక్కడే కూర్చున్నాడు. కాసేపటికి కాజ్ పియరోగీల పళ్ళెంతో వచ్చి పక్కన కూలబడ్డాడు.

"నీకెప్పట్నుంచి తెలుసురా?"

"మీ పాతికేళ్ళ పెళ్ళిరోజుకి ముందే. అక్క కుట్టుమిషను మీద కత్తిరించిన అంచులు చూశాను. అక్కేమో పాట పాడుకుంటూ మరలు బిగిస్తోంది. ఏమని చెప్పను బావా?"

"అందుకేనా ఏటా ముందే పరిగెత్తింది?"

"నువ్వు పేరు రాయిస్తే డోలరీస్ మరలు విప్పి చూస్తుందిగా. ఆ కొత్త మూలలు చూశాక కొలవకుండా ఊరుకుంటుందా?"

"మరి ఇందాక? ఊరందరి ముందూ దొంగనని ఒప్పుకున్నావే!"

"అయితే ఏమైంది? నేనేమన్నా మేయరుగా నిలబడుతున్నానా?"

ఇంకొకడైతే ఆ మాటకి కరిగిపోయి వాడి భుజం తట్టేవాడు. ఎమిల్‌కి మాత్రం కొత్త మంట, పాతదాన్ని మించిన మంట లేచింది.

"మీ అమ్మ పెట్టె దాచింది. నీ నెత్తిన జుట్టు ఊడలేదు. ఇప్పుడీ మంచితనం కూడా నీకే కావాలా? నాకంటూ ఒక్కటైనా దక్కనివ్వవట్రా?" అన్నాడు.

కాజ్ పళ్ళెం అతని ఒళ్ళో పెట్టాడు. "అక్క దక్కిందిగా బావా."

ఎమిల్ పియరోగీ నోట్లో పెట్టుకుని హాల్లోకి చూశాడు. బెర్నీస్ కళ్ళు తుడుచుకుంటూ ఎవరికో పళ్ళెం అందిస్తోంది. నిజమే, తనకి బెర్నీస్ దక్కింది. ఇందాక అందరి ముందూ తను అనాల్సిన మాట అది. అదీ వాడే అనేశాడు.