పాలెం ముందు నేనే చదివిన కాగితాలు

అప్పుడు నేను జువ్వలదిన్నె దగ్గర ఒక చిన్న పాలెంలో హెడ్మాస్టర్‌ని. మా బడే తుఫాను షెల్టరు కూడా. తుఫాను రోజు కరెంటు పోయింది. షెల్టరు జనరేటరు ఎన్నిసార్లు తిప్పినా స్టార్ట్ కాలేదు. ఆయాసం మనిషి పోలయ్య, తను తెచ్చుకున్న నెబ్యులైజరు, కరెంటుతో మందు ఆవిరి పట్టే మిషను, పక్కనే ఉండగా మా కళ్లముందే ప్రాణం వదిలాడు.

ఆ జనరేటరు సర్వీసింగును ప్రభుత్వం ఒక కాంట్రాక్టరుకు అప్పగించింది. ఆ కాగితాలు బయటపెట్టాలని సమాచార హక్కు కింద దరఖాస్తు రాసింది నేనే. జవాబు వచ్చిన రోజు పాలెమంతా బడి వరండాలో కూర్చుంది. కవరు చించి, పాఠం చెప్పినట్టు గట్టిగా చదివాను.

"మూడు నెలలకొకసారి సర్వీసింగు జరిగింది. జనరేటరు బాగా పనిచేస్తోంది. ధ్రువీకరించినవారు..."

కింద నా సంతకం ఉంది. పరీక్షల హడావుడిలో మెకానిక్ వచ్చి, "ఏడాదికంతా ఒకేసారి పెట్టేయండి సార్, మళ్లీ మళ్లీ మీకెందుకు శ్రమ" అంటే, తేదీలు లేని నాలుగు కాగితాల మీద పెట్టేశాను.

"ఎవురు సార్ ఆ సంతకం పెట్టినోడు? పేరు చదవండి" అంది పోలయ్య భార్య.

చదివాను. ఎవరూ తిట్టలేదు. ఆమె మాత్రం మెల్లగా అంది: "కావలి ఆస్పత్రికి తీసకపోతామంటే, షెల్టర్లో జనరేటరుండాది, భయం లేదని ఆపింది గూడా మీరే గదా సార్!"

ఇప్పుడు ప్రతి కాగితం చదివాకే సంతకం పెడుతున్నాను. నా జాగ్రత్త వల్ల ఆమెకు ఒరిగేదేముంది?