రెండేళ్ల గుర్రాలు, మా మావయ్య

మా మావయ్య పోయిన వారం కన్నుమూశాడు. ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీ నుంచి అత్త ఫోన్ చేసి, "మీ మావయ్య ఎలిపోనారే. టీ తాగి లేసినారు, గుమ్మం కాడే కూలబడిపోనారు," అంది. ఊరికి ఈ చివరనున్న మా ఝపటాపూర్ నుంచి టోటో రిక్షాలో వెళ్తున్నంతసేపూ నాకు నమ్మకం కుదరలేదు. ఆయన కుదురుగా ఒకచోట ఉండగా నేను చూసింది చాలా తక్కువ.

మా ఇంటి మగవాళ్లంతా రైల్వే వర్క్‌షాపులో చేరితే, ఆయనొక్కడే కలకత్తా రేసుకోర్సుకి వెళ్లి పందెపు గుర్రాలకి అసిస్టెంట్ ట్రైనరయ్యాడు. సెలవుకి వచ్చినా తెల్లారకముందే సందులన్నీ తిరిగేవాడు. అన్నం తింటూ మధ్యలో లేచి వీధిలోకి చూసొచ్చేవాడు. మేం ఆడుకుని వస్తే, గుర్రాలకి దెబ్బ తగిలిందేమో చూసినట్టే మా మోకాళ్లు తడిమి, వేడిగా ఉన్నాయేమో చూసేవాడు.

లేత గుర్రాన్ని ఎప్పుడు పందెంలో దింపాలి, ఎన్నిసార్లు దింపాలి అన్న ప్రశ్నే ఆయన్ని నిలవనిచ్చేది కాదు.

ఒక రెండేళ్ల ఆడగుర్రాన్ని తొందరగా దింపాడు. గెలిచింది. యజమాని మళ్లీ మళ్లీ దింపమన్నాడు, ఈయన సరేనన్నాడు. మూడో ఏడు నిండకుండానే దాని ముంగాలు విరిగింది. బతకలేదు. తర్వాత ఇంకొకదాని విషయంలో ఏడాది ఆగుదామని మొండికేస్తే, యజమాని దాన్ని వేరే ట్రైనర్‌కి అప్పగించాడు. అది రెండేళ్లకే పందేలకి దిగి, ఏ నొప్పీ లేకుండా ఏళ్ల తరబడి పరిగెత్తింది.

"మరి ఏది రైటు మావయ్యా?" అని అడిగాను.

"పరిగెడితేనే ఎముక గట్టిపడతాదమ్మా. ఎక్కువ పరిగెడితే ఇరుగుతాది. రెండూ నిజమే. ఎక్కడ ఆపాలో దాని కాలు సూసి తెలుసుకోవాల. ఆ రోజు నేను కాలు సూడ్లేదు. ఓనరు మొకం సూసినాను."

నా కూతురు పరుగుపందేలు గెలవడం మొదలుపెట్టాక, కోచ్ ప్రతి ఆదివారం పోటీకి తీసుకెళ్తానన్నాడు. అప్పటికి పని మానేసి ఊరొచ్చేసిన మావయ్య సైకిలేసుకుని వచ్చి దాన్నే అడిగాడు.

"నీకేటనిపిస్తందే?"

"కాలు నొప్పెడతంది తాతా. కానీ పరిగెట్టాలనుంది."

"అయితే నెలకొక్కటి సాలు."

ఆయన మాటే విన్నాం. జిల్లా జట్టులో దాని చోటు పోయింది. అది చాలా రోజులు తాతతో మాట్లాడలేదు. ఆయన మాత్రం రోజూ వచ్చి మా గేటు దగ్గర తచ్చాడేవాడు. "తప్పు సేసినానేటమ్మా?" అని అడిగేవాడు. నాకూ తెలియదు. కాలు నొప్పి పోయింది, అది ఇప్పటికీ ఇష్టంగా పరిగెడుతోంది. తెలిసింది అంతవరకే.

కిందటి చలికాలం నన్నూ నా కూతుర్నీ కలకత్తా తీసుకెళ్లి, గుర్రాలను పొద్దున్నే తిప్పే చోటు చూపించాడు. పొగమంచులో ఒక లేత గుర్రం కంచె దగ్గరికొచ్చి ఆయన భుజం మీద మూతి ఆనించింది. దాని ఊపిరి ఆవిరై ఆయన చెవిని తాకుతోంది. మావయ్య కదల్లేదు. దాన్ని తోలుకుపోయాక కూడా చాలాసేపు, భుజం కాస్త వంచి అలాగే నిలబడ్డాడు.