కొసరు లేని మందు

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరూ పాలు తాగేవారు, నేను తప్ప. మదరాసు చింతాద్రిపేటలో, కూవం ఏటి వైపు సందులో మాకు ఆవులుండేవి. మా తాతయ్య పొద్దున్నే ఆవును ఇళ్ల ముందుకు తోలుకుపోయి, కొనేవాళ్ల కళ్లెదుటే పితికి పోసేవాడు. నీళ్లు కలపలేదని జనం నమ్మాలంటే మదరాసులో అప్పుడు అదే దారి. కొలత నిండాక పైన ఇంత కొసరు ఒంపనిదే ఆయన చెయ్యి వెనక్కి వచ్చేది కాదు. అటువంటి మనిషి మనవణ్ణి నేను. నాకు చుక్క పాలు పెదవికి తగిలితే చాలు, ఒళ్లంతా దద్దుర్లు లేచేవి. మూతి వాచేది. ఊపిరి ఈలలు వేసేది.

ఇప్పుడైతే ఎలర్జీ అని చిన్న పిల్లలు కూడా చెప్పేస్తారు. అప్పట్లో మా వీధిలో దాని పేరు పొగరు. కొందరు దిష్టి అన్నారు. ఎదురింటి అక్క ప్రతి పొద్దూ చెంబు చాపుతూ నవ్వుతూనే పొడిచేది.

"ఏం పెద్దాయనా, మీ మనవడే ముట్టని పాలు మా బిడ్డలకు పోస్తా ఉండారే! ఆవుకు ఏం మేపుతా ఉండారు?"

తాతయ్య ఆమె చెంబులోనూ కొసరు ఒంపేవాడు. ఆ మాట మనసులో పెట్టుకొని ఇంటికొచ్చి, "అలవాటు చేస్తే వాడే తాగుతాడు" అనేవాడు. వద్దని నేను మొహం తిప్పుకుంటే ముక్కు మూసి గొంతులో పోసిన రోజులున్నాయి. పోసింది ప్రేమతోనే. కానీ ప్రేమతో పోస్తే మాత్రం ఊపిరి ఆడుతుందా? ఇన్నేళ్లుగా ఇదే మాట అందరికీ చెప్పి చెప్పి విసిగిపోయాను. ఈ వయసులో కోపం తెచ్చుకోవడం కూడా ఒక అలుపే.

ఒకసారి బాగా ముదిరితే అమ్మ నన్ను ఎత్తుకొని పెద్దాసుపత్రికి పోయింది. తాతయ్య వెనకాలే వచ్చాడు. అక్కడ పిల్లల్ని చూసే ఒక డాక్టరమ్మ ఉండేది. మాలాగే మదరాసులో పుట్టి పెరిగిన తెలుగు మనిషి. నా ముంజేతిని సూదితో సన్నగా గీరి, పాలబొట్టు పెట్టి, కనిపెట్టుకొని కూర్చుంది. కాసేపటికి అక్కడ దోమ కుట్టినట్టు పొంగింది.

"పొగరూ లేదు, దిష్టీ లేదు. వీడి ఒంటికి పాలు పడవు, అంతే" అంది.

ఆ మాటకు అమ్మ ఏడ్చేసింది. నన్ను నమ్మిన మొదటి మనిషి ఆ డాక్టరమ్మే.

దీనికి మందు లేదని ఆమె ఏమీ దాచకుండా చెప్పింది. కొత్త దోవ ఒకటి మాత్రం ప్రయత్నిస్తున్నానంది. పాలను నీళ్లలో బాగా పలచన చేసి, అందులోంచి ఒక్క చుక్కతో మొదలుపెట్టి, మెల్లమెల్లగా పెంచుకుంటూ పోతే ఒళ్లు ఓర్చుకోవడం నేర్చుకోవచ్చునట. నేర్చుకోకపోనూవచ్చు. ఆసుపత్రిలో, తన ఎదురుగా, సూదిమందు పక్కన పెట్టుకొని మాత్రమే చేయాలి. ఇంట్లో ఎవరూ పాలు ముట్టించకూడదు.

తాతయ్య మొహం మాడ్చుకున్నాడు. "నా జన్మలో పాలల్లో నీళ్లు పోసినోణ్ణి కాదు తల్లీ. నువ్వు నా మనవడికే నీళ్ల పాలు తాగిస్తా ఉండావా!"

డాక్టరమ్మ ఫక్కున నవ్వింది. "ఈడ మటుకు నీళ్లే మందు తాతా."

వారం వారం పోయేవాళ్లం. చుక్క రెండు చుక్కలైంది, తరువాత ఇంకొంచెమైంది. ఒకటి రెండు దద్దుర్లు తప్ప నాకేమీ కాలేదు. తాతయ్యకు ఆశ పుట్టింది. కొలిచినంత పోసి ఊరుకోవడం ఆయన చేతికి తెలియని పని. చుక్కకే ఇంత గుణముంటే గరిటెడు పోస్తే ఇంకెంత మేలో అనుకున్నాడు. ఒక మధ్యాహ్నం నా గంజిలో ఎవరికీ చెప్పకుండా గరిటెడు పాలు కలిపాడు.

నాలుగు గుక్కలు తాగానో లేదో గొంతు పూడుకుపోయింది. అమ్మ కేక ఒక్కటే గుర్తుంది. నన్ను రిక్షాలో వేశారు. తాతయ్య దాని పక్కనే చెప్పులు లేకుండా పరుగెత్తాడట. సూది పడ్డాక, తేరుకొని కళ్లు తెరిచేసరికి ఆయన మంచం కాళ్ల దగ్గర తువ్వాలు నోట్లో కుక్కుకొని నిలబడి ఉన్నాడు.

"నేనే పోసినా తల్లీ. కొసరు పోసినా. మేలు జరుగుతాదనుకుంటి."

డాక్టరమ్మ తిడుతుందనుకున్నాను. ఆమె నా నాడి పట్టుకొని చూసింది. "మీకు అర్థమయ్యేటట్టు నేను చెప్పలేదు తాతా" అంది. ఆపైన ముక్కాలిపీట నా పక్కకు లాక్కొని కూర్చుంది.

"మళ్లీ చుక్క కాడ్నించి మొదలుపెట్టొచ్చు నాయనా. లేకుంటే ఈడికి ఆపేయొచ్చు. ఊపిరాడక కొట్టుకునింది నువ్వు. నువ్వు చెప్పు."

అమ్మ ఏదో అనబోయింది. డాక్టరమ్మ చెయ్యెత్తి ఆపింది.

"వద్దు" అన్నాను.

ఆమె కళ్లలో వెలుగు తగ్గడం చూశాను. తన దోవ నా దగ్గర ఆగిపోయింది. ఇంకొక మాట చెప్పి నన్ను ఒప్పించడం ఆమెకు కష్టమేమీ కాదు, నేను పసివాణ్ణి. ఆమె "సరే" అని, నా తల నిమిరి లేచిపోయింది.

మరుసటి వారం ఎదురింటి అక్క మళ్లీ పొడిచింది. ఈసారి తాతయ్య చెంబు కింద పెట్టాడు. "మావాడికి పాలు పడవమ్మా. నా పాలల్లో దోషం లేదు, వాడిలోనూ లేదు. నచ్చితే పోయించుకో, లేకుంటే గమ్మునుండు" అన్నాడు. గంజి గిన్నెలో నాకు తెలియకుండా ఎవరూ ఏదీ కలపలేదు ఆ తరువాత.

నేను బడిలో చదివింది తక్కువ. మిగిలిందంతా మూర్ మార్కెట్టు పాత పుస్తకాల్లోనూ, పేపర్లలోనూ ఏరుకున్నదే. పిల్లలకు పడని తిండి విషయంలో కొత్త వైద్యాలు వస్తున్నాయని ఈ మధ్య తరచుగా చదువుతున్నాను. చాలావరకు డాక్టరమ్మ నడిచిన దోవే. సంతోషమే. అంతమందికి నయమైంది, ఇంతమందికి నయమైందని రాస్తారు. నేను మాత్రం కళ్లద్దాలు తుడుచుకొని వేరొకటి వెతుకుతాను. మధ్యలో వద్దన్న పిల్లవాడు ఎవరైనా ఉన్నాడా, వాడి మాట విని ఆపిన వాళ్లెవరైనా ఉన్నారా అని. ఇంతవరకు ఏ పేపరులోనూ ఆ సంగతి రాయలేదు. అయినా చివరి వరుస దాకా చదువుతాను.